నచ్చినవాళ్ల పనిని కాపీ చేస్తే మన అభిరుచి తేలుతుందా, ఉన్నది కూడా పోతుందా?

వర్ణరేఖ: పోస్టర్లు, పుస్తకాల అట్టలు చేస్తుంటాను. ఐడియా కావాలంటే పిన్‌టరెస్ట్ (నచ్చిన బొమ్మలు వెతికి బోర్డుల్లో దాచుకునే యాప్) తెరవడం అలవాటైపోయింది. బోర్డు నిండా నచ్చినవే, కానీ పనికి కూర్చుంటే నాదంటూ ఏమిటో తెలియట్లేదు. ఒక సీనియర్ "నచ్చినవి మక్కీకి మక్కీ దించు" అంటారు. ఇంకొకరు "కొన్నాళ్లు ఏమీ చూడకు" అంటారు. మీరేమంటారు?

ఖాళీకాగితం: రెండోవారి మాటే వినండి. ఒకటి సేవ్ చేస్తే అలాంటివే వరసపెట్టి చూపిస్తుంది. నాలుగు రోజులు పోయాక అది మనకు నచ్చిందో, కళ్లకు అలవాటైందో చెప్పలేం. ఇక కాపీ కొడితే ఆ అలవాటు చేతిక్కూడా పాకుతుంది.

ఇంకుమరక: చూడకుండా ఉంటే అభిరుచి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందండీ? డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో పారిస్‌లో, జపాన్ చిత్రకారుడు హిరోషిగె ముద్రణ చిత్రాలను చూసి ఆయిల్ రంగుల్లో వేశాడు. పూసిన ప్లమ్ తోట బొమ్మకైతే ట్రేసింగ్ కాగితం మీద గళ్లు గీసి మరీ కొలతలు దించుకున్నాడు. వానలో వంతెన బొమ్మ చూడండి. గీతలు హిరోషిగెవి, రంగులు మాత్రం అసలు దానికంటే బాగా ముదురు. చుట్టూ అంచు కట్టి, వేరే ముద్రణల్లోని జపనీస్ అక్షరాలు అలంకారంగా నింపాడు. ఎవరూ అడగని ఆ అంచులోనే ఆయన కనిపిస్తాడు.

ఖాళీకాగితం: వాన్ గో సంగతి వేరు. చిత్రకారుణ్ణవుతానని 1880లోనే నిర్ణయించుకున్నాడు. అంటే 1887 నాటికి ఏడేళ్లుగా అదే పనిలో ఉన్నాడు. చెయ్యి తిరిగినవాడు కాపీ చేస్తే తనది కలుస్తుంది. కొత్తవాళ్లు చేస్తే కాపీ కాపీగానే మిగులుతుంది.

గళ్లనోటు: ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 1889-90లో ఫ్రాన్స్‌లోని సాన్ రెమీ ఆసుపత్రిలో ఉండగా వాన్ గో, ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే బొమ్మల్ని కూడా చూసి వేశాడు. చేతిలో ఉన్నవి నలుపు తెలుపు ముద్రణలు. రంగులు తనే వేసుకోవాలి, వేరే దారి లేదు. వర్ణరేఖ గారూ, మీకు పనికొచ్చేది ఇదే. మొత్తం దించకండి, ఒకటి తీసేసి దించండి. నచ్చిన పోస్టర్‌ని నలుపు తెలుపు చేసి రంగులు మీరు పెట్టండి. లేదంటే రంగులు ఉంచి, అక్షరాలు మీరు అమర్చండి. ఖాళీ పెట్టిన చోట చెయ్యి ఎటు పోతుందో అదే మీ అభిరుచి. సేవ్ బటన్ నొక్కితే ఇది తేలదు, అక్కడ మీరేమీ నిర్ణయించరు కదా.

ఖాళీకాగితం: ఆ ఖాళీలో పెట్టే రంగు కూడా నిన్న చూసిన బోర్డులోదే అయితే?

గళ్లనోటు: మొదటిసారి అదే వస్తుంది, ఒప్పుకుంటాను. అందుకే ఒకే పోస్టర్‌కి నాలుగైదు వెర్షన్లు చెయ్యమంటాను. ఫ్యాషన్ రంగులు మొదట్లోనే అయిపోతాయి.

వర్ణరేఖ: ఒకటి చేసి చూశా. రంగులు ఉంచి అక్షరాలు నేను అమర్చాను. అసలు పోస్టర్‌లో టైటిల్ పైన, మధ్యలో ఉంది. నేను చూసుకోకుండానే కిందికి, ఎడమ అంచుకు ఆనించేశాను. పాత అట్టలు తీసి చూస్తే వాటిలోనూ చాలావాటికి అదే! ఇన్నాళ్లూ నాకు రంగుల పిచ్చి అనుకున్నా.

ఇంకుమరక: ఇప్పుడు రంగులు తీసేసి కూడా ఒకటి చేసి పెట్టండి, చూద్దాం.

ఖాళీకాగితం: చెయ్యండి, కాదనను. వాటిని మాత్రం సొంత పనిగా పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి. పెట్టాల్సి వస్తే అసలు ఎవరిదో పేరు రాయండి.