బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైటు వెలుగుతుంది, హెడ్‌లైట్లు పసుపు: పాత కారులో ఎక్కడి నుంచి చూడాలె?

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్:
2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. పదిహేనేండ్లు నిండుతున్నయి, ఆర్‌సీ రెన్యువల్‌కు పోవాలె. వెనక ఎడమ వైపు బ్రేక్ లైటు సరిగ్గ రాదు. బ్రేక్ తొక్కితే బల్బు సన్నగ ఎర్రగ మిణుకుతది, ఎడమ ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా దానితోపాటే కొట్టుకుంటది. బల్బు రెండుసార్లు మార్చినా అంతే. ముందు హెచ్4 (హై, డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం), 100/90 వాట్ల బల్బులున్నయి, అయినా వెలుగు పసుపు. పది నిమిషాలు లైట్లు వేస్తే ఎడమ బల్బు వెనక కనెక్టర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ములుగు రోడ్డు మీద రాత్రి ఎదురు లైట్లు పడితే అంచున ఉన్న పత్తి ట్రాలీ దగ్గరికొచ్చేదాకా కనబడదు. మొత్తం వైరింగ్ మార్చాల్నా?

డిక్కీలో ఎర్త్:
మొత్తం వైరింగ్ అక్కర్లేదన్నా. వెనకది ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి పోయే దారి) సమస్యే అయి ఉంటుంది. బ్రేక్, పార్కింగ్, ఇండికేటర్ మూడూ ఆ లైటులో ఒక్క నల్ల వైరు మీదనే తిరిగి వస్తయి. ఆ వైరు తెగినా, తుప్పు పట్టినా బ్రేక్ కరెంటుకు బాడీలోకి దారి ఉండదు. అప్పుడది అదే బల్బులోని 5 వాట్ల పార్కింగ్ ఫిలమెంటు గుండా ఎదురు తిరిగి పార్కింగ్ లైన్లోకి ఎక్కి, కుడి వైపు లైటు నుంచి ఎర్త్‌కు పోతుంది. అందుకే వెలగాల్సిన 21 వాట్ల ఫిలమెంటు వెలగదు, వెలగకూడనిది మిణుకుతుంది.

ఒక గుర్తు చూడండి: చీకట్లో అన్ని లైట్లు ఆపి బ్రేక్ తొక్కండి. డ్యాష్‌బోర్డు లైట్లు కొద్దిగా వెలిగితే బ్రేక్ కరెంటు పార్కింగ్ లైన్లోకి ఎక్కుతున్నట్టే.

రెండు చివర్లకు క్లిప్పులున్న వైరు తీస్కొని, ఒకటి హోల్డర్ ఎర్త్‌కు, ఇంకోటి రంగు లేని బాడీ బోల్టుకు పెట్టండి. లైటు వెంటనే మంచిగ వెలిగితే, డిక్కీ లోపలి పక్క అట్ట తీసి నల్ల వైరు బిగించిన స్క్రూ వెతకండి. లగ్గు (వైరు చివరి రింగు) కింద ఆకుపచ్చ పొడి కనబడుతుంది. స్క్రూ విప్పి, బాడీ మీద పెయింటు గీకి మెరిసే ఇనుము వచ్చేదాకా ఎమ్రీ పేపర్ రుద్ది, కొత్త లగ్గు వైరుకు నొక్కి (క్రింప్ చేసి) బిగించండి. పైన పలచగ వ్యాజిలిన్ రాయండి. వైరు మెలిపెట్టి టేపు చుట్టే పని మాత్రం వద్దు, ఒక వానాకాలం కూడా ఆగదు.

హోల్డర్ కూడా చూడండి. బల్బు కింది రెండు సీసపు చుక్కలు గుంటపడి ఉంటే స్ప్రింగు ఆనదు. ఇంకో పొరపాటు, రెండు ఫిలమెంట్ల హోల్డర్లో ఒక ఫిలమెంటు బల్బు కూరడం. 21/5 వాట్ల బల్బుకు పక్క పిన్నులు ఎత్తు తేడాతో ఉంటయి, 21 వాట్ల ఒంటి బల్బుకు సమానంగ ఉంటయి. బలవంతంగ ఎక్కిస్తే బ్రేక్, పార్కింగ్ లైన్లు కలిసిపోయి అచ్చం ఇవే లక్షణాలొస్తయి. కొత్త బల్బు వేసే ముందు పిన్నులు చూసుకోండి.

కాజీపేట మల్టీమీటర్:
ముందు లైట్ల సంగతి. ఆ 100/90 బల్బులు ఈరోజే తీసేయండి. హెచ్4కు కంపెనీ వైరింగ్, స్విచ్చు, ప్లాస్టిక్ హోల్డర్ అన్నీ 60/55 లెక్క మీద చేసినవి. 60 వాట్ల రెండింటికి 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు, 100 వాట్ల రెండింటికి 16 పైనే. కనెక్టర్ కాలడం, గోధుమ రంగుకు తిరగడం దాని వల్లనే. మొదట స్ప్రింగు పట్టు వదులుతుంది, తర్వాత ఇంకా వేడెక్కుతుంది, చివరికి కరిగి షార్ట్ అవుతుంది.

పసుపు వెలుగుకు కారణం వోల్టేజీ దారిలో పోవడం. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. ఇంజన్ నడుస్తూ డిమ్ లైట్ల మీద మూడు కొలతలు తీయండి: బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య, కనెక్టర్ వెనక డిమ్, ఎర్త్ పిన్నుల మధ్య, కనెక్టర్ ఎర్త్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు. కనెక్టర్ దగ్గర బ్యాటరీ కంటే అర వోల్టు తక్కువ వస్తే పర్వాలేదు. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు.

హన్మకొండ హ్యాచ్‌బ్యాక్:
బ్యాటరీ 14.1. ఎడమ కనెక్టర్ 11.9, ఎర్త్ వైపు 0.9. వెనక క్లిప్పు పెట్టంగనే బ్రేక్ లైటు పూర్తిగ వచ్చింది, స్క్రూ తుప్పు పట్టి ఉంది.

కాజీపేట మల్టీమీటర్:
మొత్తం 2.2 పోతుంది, అందులో 0.9 ఎర్త్‌లో, 1.3 స్విచ్చు, ఫ్యూజు వైపు. ఇది 90 వాట్ల బల్బు మీద కొలత. 55 వేస్తే కరెంటు తగ్గి నష్టం కూడా దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఎర్త్ బోల్టు శుభ్రం చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ ఒక వోల్టు పైన పోతుంటే రిలే కిట్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టించండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపలే ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30వ పిన్నుకు, 87 నుంచి బల్బుకు. పాత కనెక్టర్ 85, 86 పిన్నులను, అంటే రిలే లోపలి కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది. కొన్ని బండ్లలో స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది కాబట్టి 85ను నేరుగా బాడీకి కలపకండి, పాత కనెక్టర్ రెండు వైర్ల మధ్యనే కాయిల్ పెట్టండి. కాలిన కనెక్టర్ కోసి సిరామిక్‌ది వేయించండి.

మడికొండ గరుకు కాగితం:
కరెంటు సరి చేసినా అద్దం మసకగ ఉంటే లాభం లేదు. ప్లాస్టిక్ అద్దాన్ని నీళ్లతో 1000, తర్వాత 2000 నంబరు కాగితం రుద్ది పాలిష్ పట్టించండి. పైన యూవీ కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. లోపల వెండిపూత లేచిపోతే మాత్రం లైటు మార్చాల్సిందే. ఎల్‌ఈడీ బల్బు వేయకండి, లైటు లోపలి వెండిపూత గిన్నె హాలోజన్ ఫిలమెంటు ఉండే చోటును బట్టి కట్టింది. వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది.

చివరగా గోడకు 5 మీటర్ల దూరంలో ఆపి డిమ్ లైటు గీత చూడండి. బల్బు ఎత్తుకు 5 సెంటీమీటర్లు కిందికి పడాలె. పని అయ్యేదాకా రాత్రి ప్రయాణం మానుకోండి. నాలుగు ఇండికేటర్లు వేసుకొని నడపడం మాత్రం వద్దన్నా, మీరు ఎటు తిరుగుతున్నరో వెనకవాళ్లకు తెల్వదు.