శివోఽహంలో ఉన్నది అపాస్ట్రఫీయేనా?

ప్రశ్న: ఒకే ఫైల్లో ఒకచోట శివోఽహం, ఇంకోచోట శివో'హం, మరోచోట శివో’హం అని ఉంది. ఒకటి వెతికితే మిగతావి దొరకట్లేదు. ఏది ఉంచాలి?

జవాబు: మొదటిదే ఉంచండి. ఆ ఽ పేరు అవగ్రహం. శివః + అహం కలిసినప్పుడు ‘అ’ పోయిందని చెప్పే గుర్తు. యూనికోడ్‌లో (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతి) తెలుగు లిపి కింద దానికి సొంత నంబరుంది. పోయిన అక్షరం చోటు చూపడం ఇంగ్లీషులో, ఫ్రెంచిలో అపాస్ట్రఫీ చేసే పనే కాబట్టి, కీబోర్డులో అవగ్రహం దొరకనివాళ్లు అది కొట్టేస్తారు.

మిగతా రెండూ కూడా వేర్వేరే. నిటారుది టైప్‌రైటర్ ఇచ్చిపోయిన ఆస్తి. మీటలు కలిసొస్తాయని తెరిచే కోట్, మూసే కోట్, అపాస్ట్రఫీ, అడుగుల కొలత గుర్తు అన్నిటికీ ఆ ఒక్క గీతతో సరిపెట్టారు. వంపుది యూనికోడ్ 2019 (సంవత్సరం కాదు, నంబరు). అపాస్ట్రఫీకి యూనికోడ్ వాడమనేది దీన్నే. చిక్కేమిటంటే మూసే కోట్ కూడా ఇదే. అందుకే ’90ల్లో అని రాయబోతే, మనం కోట్ తెరుస్తున్నామనుకుని వర్డ్ ప్రాసెసర్ దాన్ని ‘90ల్లో అని తిప్పేస్తుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మరొకరు: హవాయి భాషలో ఇలాగే కనిపించే ʻఓకినా అసలు గుర్తే కాదు, గొంతు బిగబట్టి వదిలే హల్లు. దాని నంబరు వేరు. ఇక ఓ'బ్రయన్ లాంటి పేరున్నవాళ్ల కష్టాలు వేరే! ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) పాఠ్యం మొదలూ చివరా నిటారు గీతే కాబట్టి, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాం ‘ఓ’ దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది.

ప్రశ్న: మరి వచ్చాడు + అనిలో ‘ఉ’ పోయింది కదా. అక్కడ గుర్తు అక్కర్లేదా?

జవాబు: అక్కర్లేదండీ. ‘ఉ’ పోయినా వెనకున్న ‘అ’ వచ్చి డకారంలో కలిసింది, ‘వచ్చాడని’ చదవడానికి ఇబ్బంది లేదు. శివోఽహంలో పోయింది రెండో మాట మొదటి అక్షరమే. గుర్తు తీసేస్తే ‘హం’ ఎక్కడిదని వెతుక్కోవాలి.

ఫైలు సరిచేసేటప్పుడు మాత్రం గీతలన్నీ ఒక్కసారిగా మార్చేయకండి, కోట్ గుర్తులు కూడా అవగ్రహాలైపోతాయి. సంస్కృత సంధిలో ఇలా ‘అ’ పోయేది ఏ, ఓల తర్వాతే. కాబట్టి ఏత్వం, ఓత్వం పక్కనున్న గీతలు వెతికి, ఒక్కొక్కటే చూసి మార్చండి.