జీతం ఆపేసిన కంపెనీలో తొలగించేదాకా ఆగాలా, ముందే రాజీనామా ఇవ్వాలా?

మా కంపెనీ జీతాలు ఆపేసింది. తొలగింపులు ఉండొచ్చని నోటిమాటగా చెబుతున్నారే తప్ప కాగితం మీద ఏమీ లేదు. తొందరపడి రాజీనామా ఇస్తే తొలగింపు పరిహారం, నోటీసు కాలపు జీతం చేజారే ప్రమాదం ఉంది. అలాగని ఊరికే కూర్చుంటే బకాయి కోసం ఫిర్యాదు చేసే గడువు కరిగిపోవచ్చు. "వచ్చే నెల సర్దేస్తాం" అన్న హామీని నమ్ముకుంటే ఆ గడువు ఆగుతుందన్న భరోసా లేదు.

ఆఫీసు లాగిన్ ఆగిపోయాక ఏదీ దొరకదు కాబట్టి నియామక పత్రం, పే స్లిప్పులు, హాజరు వివరాలకు కాపీలు తీసి పెట్టుకున్నాను. కంపెనీ రహస్య ఫైళ్లు ముట్టుకోలేదు. ఏ నెలకు ఎంత రావాలో విడివిడిగా రాసి, చెల్లించే తేదీ చెప్పమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. జీతంలో కోసుకున్న పన్ను, పీఎఫ్ లాంటి పొదుపు సొమ్ము అసలు జమ అయ్యాయా అనేది కూడా చూస్తున్నాను. ఇబ్బందుల్లో ఉన్న యజమానులు అక్కడ కూడా ఎగ్గొట్టే అవకాశం ఉంది.

అసలు చిక్కు ఇది. కొంత డబ్బు ఇస్తామని, "ఇక బకాయిలేమీ లేవు" అన్న కాగితం మీద సంతకం అడుగుతున్నారు. "పాక్షిక చెల్లింపుగా మాత్రమే తీసుకుంటున్నాను" అని రాసి సంతకం చేస్తే తర్వాత నిలబడుతుందా? జీతం లేదని పనికి రావడం మానేస్తే గైర్హాజరుగా చూపించి తీసేయకుండా ఏం రాసి ఇవ్వాలి? కంపెనీ దివాలాకు వెళ్తే ఉద్యోగులు ఒక్కొక్కరుగా క్లెయిము వేయడం మేలా, అందరూ కలిసి వేయడమా? ఇవి దగ్గరగా చూసినవాళ్లు దయచేసి చెప్పండి.