ఇంద్రజాల పుస్తకాలు చదివి నేర్చుకునేవారు నోట్సు ఎలా రాసుకుంటున్నారు?

ప్రశ్న: గోదావరిగట్టు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా తీరిక వేళల్లో ఇంద్రజాలం నేర్చుకుంటున్నాను. మా ఊళ్లో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే గురువు నాకు దొరకలేదు కాబట్టి నా చదువంతా పుస్తకాల మీదుగానే సాగుతోంది. పేకముక్కలకు హ్యూగార్డ్, బ్రౌ కలిసి రాసిన ‘రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్’, నాణేలకు 1952లో వచ్చిన బోబో ‘మోడర్న్ కాయిన్ మ్యాజిక్’, తాళ్లు, రుమాళ్లు, ఉంగరాల వంటివాటికి టార్బెల్ కోర్సు మొదటి సంపుటం నా దగ్గర ఉన్నాయి. ఇవి కాక పాత పుస్తకాల దుకాణాల్లో కొన్న చిన్న పుస్తకాలు మరో ఏడెనిమిది ఉన్నాయి.

చదివేటప్పుడు నచ్చిన ప్రతి అంశాన్నీ, అంటే చేసి చూపే ఒక్కో గారడీనీ, రాసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. ఇప్పుడు ఆ రాతలే నాకు అడ్డుగా నిలిచాయి. నాలుగు నోటు పుస్తకాలు నిండిపోయాయి, ఫోనులో వందకు పైగా చిన్న చిన్న రాతలు విడిగా ఉన్నాయి, వీటిలో ఏది ఏ పుస్తకంలోనిదో సగం వాటికి రాసుకోలేదు. పోయిన నెల మా మేనకోడలి పుట్టినరోజున తాడుకు కట్టిన ఉంగరం విడిపోయే అంశం చేద్దామనుకుని మూడు రాత్రులు వెతికాను. చివరికి దొరికిన కాగితం మీద ‘ఎడమ బొటనవేలి కిందనుంచి తిప్పాలి, తరవాత మామూలే’ అని ఉంది. ఆ మామూలు ఏమిటో గుర్తు రాలేదు. ఆ రోజు పిల్లలు నా చుట్టూ చేరి ఎదురు చూస్తుంటే నాకు బాగా వచ్చిన పేకముక్కల అంశమే మళ్లీ చేశాను.

చదివినవి అరవై దాకా ఉంటే, నలుగురి ముందు ధైర్యంగా చేయగలిగినవి నాలుగే ఉన్నాయి. నోట్సును పుస్తకాలవారీగా పెట్టుకోవాలా, వస్తువులవారీగా పెట్టుకోవాలా? పుస్తకాన్ని మొదటి పేజీనుంచి వరుసగా చదవాలా, కావలసిన అంశాన్ని మాత్రమే తీసుకోవచ్చా? పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నప్పుడు నోట్సు తెలుగులో రాసుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞుణ్ణి.

జవాబు: పాతపేక, వరంగల్

గోదావరిగట్టు గారూ, నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా పాఠశాలల్లోనూ బంధువుల ఇళ్లలోనూ ప్రదర్శనలు ఇస్తున్నాను. మీ ఇబ్బంది అమరికలో ఉందని నాకు అనిపించడం లేదు, రాసే సమయంలో ఉందనిపిస్తోంది. చదువుతున్నప్పుడే రాసుకునే నోట్సు ఆ పుస్తకం రాసినవారి చేతుల గురించి అవుతుంది, మీ చేతుల గురించి కాదు. అందుకే ఆరు నెలల తరవాత చూసుకుంటే అది పరాయి రాతలా ఉంటుంది.

నేను రెండు వేరు వేరు పుస్తకాలు పెట్టుకున్నాను. మొదటిది జాబితా. అందులో ఒక్కో అంశానికి ఒకే వరుస రాస్తాను: ప్రేక్షకుడికి కనిపించేది ఏమిటి, ఏ వస్తువులు కావాలి, ఏ పుస్తకం, ఎన్నో పేజీ, సృష్టికర్త పేరు తెలిస్తే ఆ పేరు. రహస్యం ఒక్క ముక్క కూడా రాయను, ఎందుకంటే అది అచ్చయిన పుస్తకంలో నాకన్నా బాగా రాసి ఉంది, పేజీ సంఖ్య ఉంటే నిమిషంలో దొరుకుతుంది. సృష్టికర్త పేరు మాత్రం తప్పక రాయండి. మన కళలో ఎవరి సొత్తు ఎవరిదో చెప్పుకోవడం మర్యాద, పదేళ్లు గడిచాక ఆ పేరు వెతకడం చాలా కష్టమవుతుంది.

రెండోది ప్రదర్శన పుస్తకం. కనీసం ఒక్క మనిషి ముందు చేసి చూపిన అంశానికే అందులో చోటు ఇస్తాను. కాగితాలు విడదీసి మళ్లీ చేర్చుకునే రింగు ఫైలు వాడతాను, ఎందుకంటే చేస్తున్నకొద్దీ అంశం మారుతుంది, దానితో పాటు కాగితమూ మారాలి. ఇన్నేళ్ల తరవాత ఆ ఫైలులో ఉన్నవి ముప్ఫై ఒక్క కాగితాలు. మీరు నాలుగే వచ్చని బాధపడుతున్నారు. మూడేళ్లలో నాలుగు అంశాలు నిలబడ్డాయంటే మీరు బాగానే నేర్చుకుంటున్నారు.

ఇక చదివే పద్ధతి. మొదటిసారి పేక చేతిలో లేకుండా, ప్రేక్షకుడు ఏం చూస్తాడన్నది మాత్రమే గమనిస్తూ చదువుతాను. రెండోసారి పేక పట్టుకుని ఒక్కో వాక్యం దగ్గర ఆగుతాను. ఇక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే రెండు చేతుల్లోనూ ముక్కలు ఉంటే పేజీ తిప్పడానికి చేయి ఉండదు, కళ్లు పుస్తకానికీ చేతులకూ మధ్య తిరుగుతుంటే వేళ్లు జారిపోతాయి. అందువల్ల ఆ రెండు పేజీలను నా గొంతుతోనే నెమ్మదిగా, తెలుగులో చెప్పుకుంటూ ఫోనులో రికార్డు చేసి, అది వింటూ సాధన చేస్తాను. ఇంగ్లీషు పుస్తకాల్లో చూపుడు వేలు మొదటి వేలు అవుతుంది, చిటికెన వేలు నాలుగోది అవుతుంది, బొటనవేలు లెక్కలోకి రాదు. మన లెక్కలో బొటనవేలితో మొదలుపెట్టి చిటికెన వేలును అయిదోది అనుకుంటే మొత్తం పట్టు తప్పుతుంది. కాబట్టి వేళ్లకు అంకెలు వద్దు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు అని పేర్లతోనే చెప్పుకోండి, రాసుకోండి.

మర్నాడు పుస్తకం మూసి ఉంచి, మీ చేతులను చూస్తూ రాయండి. కలం ఎక్కడ ఆగితే అక్కడ మీకు ఇంకా రాలేదన్నమాట. మీ కాగితం మీద ‘తరవాత మామూలే’ అన్న చోట జరిగింది అదే.

వరుసగా చదవాలా అన్నది పుస్తకాన్ని బట్టి ఉంటుంది. ‘రాయల్ రోడ్’ పాఠ్యపుస్తకం. ఒక చేతిలోంచి మరో చేతిలోకి ముక్కలు జార్చుతూ పేక కలిపే పద్ధతితో మొదలై, ప్రతి అధ్యాయంలోనూ ఒక హస్తలాఘవం నేర్పి, ఆ వెంటనే దాన్ని వాడే అంశాలు ఇస్తుంది. దాన్ని వరుస తప్పకుండా చదవాలి. టార్బెల్ తన కోర్సును 1920లలో తపాలా ద్వారా 60 పాఠాలుగా పంపాడు. ఒక పాఠం వచ్చి, సాధన జరిగి, మరొకటి వచ్చేలోగా విద్యార్థికి వ్యవధి దొరికేది. ఈరోజు ఆ పాఠాలు సంపుటాలుగా ఒక్కసారే చేతికి వస్తున్నాయి కాబట్టి ఆ వ్యవధిని మనమే కల్పించుకోవాలి. ఎర్డ్నేస్ అన్న పేరుతో 1902లో వచ్చిన ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’ వంటి పుస్తకం మాత్రం వేరే రకం. దాని రచయిత అసలు ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, వాక్యాలు చాలా బిగువుగా ఉంటాయి, డై వెర్నన్ వంటి ఇంద్రజాల దిగ్గజం దాన్ని జీవితాంతం చదువుతూనే ఉన్నాడు. అలాంటిదానికి నోట్సు విడిగా రాయను. అంచుల్లోనే పెన్సిలుతో, పక్కన తేదీ వేసి రాసుకుంటాను. నాలుగేళ్ల కిందట నాకు అర్థం కానిది ఇప్పుడు అర్థమైందన్న సంగతి ఆ తేదీల వల్లే తెలుస్తుంది.

జవాబు: ఎడమచేయి, విశాఖపట్నం

పాతపేక గారు చెప్పిన రెండు పుస్తకాల పద్ధతి నాకు నచ్చింది. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ప్రదర్శన జరిగిన రాత్రే, నిద్రపోయే ముందే రాయాలి. ఏ పిల్లవాడు ఎక్కడ కూర్చుని ఏం చూశాడు, నేను ఏ మాట అన్నప్పుడు అందరి చూపూ నా చేతిమీదనుంచి నా ముఖంమీదికి మళ్లింది అన్నవి తెల్లవారేసరికి సగం మరిచిపోతాను.

నేను ఎడమచేతివాటం మనిషిని. పుస్తకాల్లో కుడి అన్న ప్రతిచోటా ఎడమ అని మార్చి చదువుకోవడం మొదట్లో ఎంతో అలసట కలిగించేది, తిప్పి చదువుతూ చదువుతూ మూడో వాక్యంలో మళ్లీ పొరబడేదాన్ని. ఇప్పుడు నా నోట్సులో కుడి, ఎడమ అన్న మాటలే ఉండవు. ‘పట్టుకున్న చేయి’, ‘పనిచేసే చేయి’ అని రాసుకుంటాను. కుడిచేతివాటం మిత్రులకు ఆ కాగితం ఇచ్చినా ఒక్క అక్షరం మార్చకుండా వాడుకోగలిగారు. ఎడమచేతివాటం వారికి మరొక మాట: పేకముక్కల మీద అంకె, గుర్తు పై ఎడమ మూలన, కింద కుడి మూలన మాత్రమే ఉంటాయి కాబట్టి మనం మనకు అలవాటైన వైపు విసనకర్రలా విప్పితే అవి దాగిపోతాయి. నాలుగు మూలలా అంకెలు ఉన్న పేక కొనుక్కోవాలి, లేదా అలా విప్పే అంశాలకు జాబితాలోనే గుర్తు పెట్టుకోవాలి.

ఇంకొక విషయం పుస్తకాలు చెప్పనిది. వాటిలో చాలావాటికి ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులు, మధ్యలో బల్ల, కోటు చేతులు, కోటు జేబులు ఉంటాయి. మన ఇళ్లలో పిల్లలు చాపమీద కూర్చుని కిందనుంచి చూస్తారు, పెద్దలు వెనక నిలబడతారు, నా చీరకు జేబు లేదు. అందుకని ప్రతి కాగితం పైభాగాన ఎవరు ఏ వైపున ఉండకూడదు, కూర్చుని చేయాలా నిలబడి చేయాలా, ఏ బట్టలు, వస్తువు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోవాలి అన్నవి ముందే రాస్తాను. రహస్యం వచ్చినా ఈ నాలుగూ కుదరక నేను వదులుకున్న అంశాలు చాలా ఉన్నాయి.

తెలుగులో రాయాలా అని అడిగారు. తప్పకుండా రాయండి, ముఖ్యంగా మాటలు. పుస్తకంలోని కబుర్లు జూదగాళ్ల గురించో పాత అమెరికా వీధుల గురించో ఉంటాయి, వాటిని అనువదిస్తే మేనకోడలికి ఏమీ అందదు. కొన్ని అంశాలైతే భాషమీదే నిలబడి ఉంటాయి. ఇంగ్లీషులో ఆసునుంచి రాజు దాకా పదమూడు పేర్ల అక్షరాలు కూడితే సరిగ్గా 52 వస్తాయి, పేకలో ముక్కలూ 52. ఒక్కో అక్షరానికి ఒక్కో ముక్క తీస్తూ ఆ లెక్కమీద కట్టిన అంశం తెలుగులోకి రాదు. కానీ మనకు మన లెక్క ఉంది. ఇస్పేటు, ఆఠీను, డైమను మూడేసి అక్షరాలు, కళావరు ఒక్కటే నాలుగు. రాజు, రాణి, జాకీ, ఆసు అన్నీ రెండేసి. అంటే ఈ పదహారు ముక్కల్లో కళావరు కానిది ఏది కోరుకున్నా అయిదు అక్షరాలే. ఈ సంగతి నోట్సు తెలుగులో రాస్తున్నప్పుడే నాకు కనబడింది, దానితో ఒక చిన్న అంశం కట్టుకుని మూడేళ్లుగా చేస్తున్నాను.

జవాబు: దూరదేశం, డాలస్

నేను జాబితాను కంప్యూటరులో పట్టికగా పెట్టుకున్నాను. పాతపేక గారి ఒక వరుస పద్ధతికి అది సరిగ్గా సరిపోతుంది, వస్తువువారీగానైనా పుస్తకంవారీగానైనా నిమిషంలో వరుస మార్చుకోవచ్చు, కాబట్టి ఆ రెంటిలో ఏదన్న ప్రశ్నే ఉండదు. నేను అదనంగా పెట్టుకున్న గడి ఒకటే: చదివిన తేదీ. ఏడాది గడిచినా మళ్లీ పేజీ తెరవాలనిపించని వాటిని వేరే పట్టికకు మారుస్తాను.

ఒక అంశం ఏ పుస్తకంలో ఉందో, ఎవరిదో తేలనప్పుడు డెనిస్ బెర్ నిర్వహించే కంజ్యూరింగ్ ఆర్కైవ్ అన్న వెబ్‌సైటు చూడండి. అక్కడ రహస్యాలు ఉండవు, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ అంశం ఉందన్న సూచిక ఉంటుంది. మీ నాలుగు నోటు పుస్తకాల్లో ఊరూపేరూ లేని రాతల్లో కొన్నింటికైనా అక్కడ చిరునామా దొరుకుతుంది. పేజీలను ఫోటోలు తీసి దాచుకోవడం మాత్రం నేను మానేశాను, ఫోటో ఉందన్న ధీమాతో ఒక్కటీ నేర్చుకోలేదు.

గోదావరిగట్టు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నా నాలుగు అంశాలకు పుస్తకం మూసి కాగితాలు రాయడం మొదలుపెట్టాను. పేకముక్కలవి మూడూ సాఫీగా వచ్చాయి. నాణెం అంశం దగ్గర కలం రెండుచోట్ల ఆగింది. బోబో చెప్పినట్టు అరచేతిలో దాచబోతే పది రూపాయల బిళ్ళ నిలవడం లేదు. ఇది నా సాధన లోపమా?

జవాబు: పాతపేక, వరంగల్

సాధన కొంత, కొలత కొంత. బోబో పుస్తకం అమెరికా అర డాలరును దృష్టిలో పెట్టుకుని రాసినది. దాని వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, మన పది రూపాయల బిళ్ళది 27. ఆ మూడున్నర మిల్లీమీటర్ల తేడాకు అరచేతిలో పట్టు దొరికే చోటే మారిపోతుంది. పుస్తకంలోని బొమ్మలో చూపిన చోట కాకుండా బొటనవేలి మొదట్లోని కండకు ఇంకొంచెం దగ్గరగా జరిపి చూడండి, చేయి బిగించకండి. ఏ చోట నిలిచిందో మీ చేతి బొమ్మ గీసి చుక్క పెట్టుకోండి, కాగితం పైన ఏ నాణెమో రాయండి. ఇరవై రూపాయల బిళ్ళ కూడా 27 మిల్లీమీటర్లే, కానీ దాని అంచు పన్నెండు పలకలుగా ఉంటుంది కాబట్టి పట్టు వేరుగా ఉంటుంది. దానికి వేరే కాగితం పెట్టండి.