హన్మకొండ ఎండల్లో ఆక్సలాటల్‌ను చల్లగా ఉంచేదెలా?

ప్రశ్న:
అన్నా, మా ఆక్సలాటల్ (నీళ్లలోనే బతికే సాలమాండర్ జాతి ఉభయచరం) నిన్నటి నుంచి వానపాము పెట్టినా ముట్టట్లేదు, మొప్పలు ముందుకు ముడుచుకున్నాయి, తోక కొస కొక్కెంలా వంగింది. ట్యాంకు నీళ్లు 27 డిగ్రీలున్నాయి. ఐస్ ముక్కలు వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఐస్ నేరుగా వేయకు తమ్మీ, నీళ్లు ఒక్కసారిగా చల్లబడితే దానికి ఇంకా కష్టం. బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తేలనివ్వు, పైన చిన్న ఫ్యాన్ పెట్టు. అది మెక్సికోలోని సోచిమిల్కో సరస్సు చల్లటి నీళ్ల జీవి, 16-18 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది, 24 దాటితే తట్టుకోలేదు. మన మే నెల ఎండలకు చిల్లర్ (ట్యాంకు నీళ్లను చల్లబరిచే మెషిన్) లేకుండా పెంచడం దానికి అన్యాయమే, ఖర్చైనా కొను.

ఇంకో జవాబు:
నీళ్లలో అమ్మోనియా (దాని మలమూత్రాల వల్ల చేరే విషం) కూడా టెస్ట్ చేయండి, సున్నా ఉండాలి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయాకే పోయండి. అడుగున గులకరాళ్లుంటే తీసేయండి, మింగేస్తుంది.

అడిగినవారు:
బాటిల్ వేశానన్నా, రాళ్లు తీస్తున్నా. చిల్లర్ ఎంత సైజుది తీసుకోవాలి?