లీచ్ కన్నా బాగుందని చూపించినా పేపర్ వెనక్కొచ్చింది: వైజాగ్‌లో సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసినవాళ్ళ అనుభవాలు కావాలి

మద్దిలపాలెం_స్కాలర్ · సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. నా అంశం వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లలో క్లస్టర్ హెడ్ ఎంపిక. అంటే బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్ నోడ్లు గుంపులుగా ఉన్నప్పుడు, గుంపు డేటా పోగుచేసి బేస్ స్టేషన్‌కి పంపే నోడ్‌ని ఎంచడం. గ్రే వుల్ఫ్ ఆప్టిమైజేషన్‌తో (తోడేళ్ళ వేటను అనుకరించే వెతుకులాట పద్ధతి) హెడ్‌లను ఎంచుకునే పద్ధతి ఒకటి మ్యాట్‌ల్యాబ్‌లో రాశాను. వంద నోడ్లు, వంద మీటర్ల చదరం, నోడుకి 0.5 జౌళ్ళు. అన్నీ ఎప్పటినుంచో అందరూ వాడుతున్న అంకెలే. హెడ్‌లను కొత్తగా ఎంచే ఒక్కో విడతని రౌండు అంటాం. మొదటి నోడ్ చచ్చిపోయే రౌండు లీచ్ అనే పాత క్లస్టర్ పద్ధతిలో కన్నా బాగా ఆలస్యంగా వస్తోంది. గ్రాఫ్ చూసుకుని ఆ రాత్రి నిద్రపట్టలేదు, అంత సంతోషమేసింది.

పేపర్ నిన్న రెండోసారి తిరిగొచ్చింది. రివ్యూయర్ మూడే మాటలు రాశారు. 2000లో వచ్చిన లీచ్‌తో తప్ప దేనితోనూ పోల్చలేదు. రేడియో ఊరికే వింటూ కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు లెక్కలోకి రాలేదు. ఛానెల్ మోడల్ (సిగ్నల్ గాలిలో ఎలా వెళ్తుందన్న లెక్క) వాస్తవానికి దూరం. మా గైడ్ గారు గ్రే వుల్ఫ్ తీసేసి తిమింగలాలను అనుకరించే వేల్ ఆప్టిమైజేషన్ పెట్టి మళ్ళీ పంపమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. పేరు మారితే రివ్యూయర్ అడిగిన మూడింటికీ జవాబు వచ్చేస్తుందా? ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. తిట్టినా పర్లేదు.

పాత_రేడియో · సోమవారం, రాత్రి 10:05

అమ్మా, తిట్టడానికేముంది, అందరం అక్కణ్ణుంచే మొదలుపెట్టాం. ముందు ఆ 0.5 జౌళ్ళ సంగతి చూద్దాం. కాగితం, పెన్ను తీసుకో.

రెండు డబుల్ ఏ బ్యాటరీలు వరసలో పెడితే 3 వోల్టులు. 2500 మిల్లీఆంపియర్ అవర్ అనుకుంటే మొత్తం శక్తి దాదాపు 27,000 జౌళ్ళు. నీ నోడులో ఉన్నది అర జౌలు. ఇప్పుడు రేడియో వైపు చూడు. టెలోస్‌బీ లాంటి నోడ్లలో వాడిన సీసీ2420 చిప్ వింటున్నప్పుడు 18.8 మిల్లీఆంపియర్లు తాగుతుంది. పూర్తి బలంతో పంపుతున్నప్పుడు 17.4. మళ్ళీ చదువు: పంపడానికన్నా వినడానికే ఎక్కువ. 3 వోల్టుల దగ్గర వినడమంటే సుమారు 56 మిల్లీవాట్లు. నీ అర జౌలు పెట్టి ఆ రేడియోని ఆన్ చేస్తే తొమ్మిది సెకన్లు కూడా వెలగదు. ఒక్క ప్యాకెట్ కూడా పంపకుండానే.

అదే నీ మోడల్‌లో ఐతే 4000 బిట్ల ప్యాకెట్‌ని వంద మీటర్లు పంపడానికి 0.72 మిల్లీజౌళ్ళు పడుతుంది. బిట్‌కి 50 నానోజౌళ్ళ లెక్కన సర్క్యూట్ ఖర్చు, దానిపైన దూరాన్ని బట్టి యాంప్లిఫయర్ ఖర్చు. అంటే అర జౌలుతో దగ్గరదగ్గర ఏడు వందల ప్యాకెట్లు. ప్యాకెట్ పంపనప్పుడు, అందుకోనప్పుడు, రేడియో ఊరికే వింటూ కూర్చున్నా సరే, ఖర్చు సున్నా. నిజం నోడులో బ్యాటరీని తినేసేది ఆ సున్నా అన్న చోటే. రివ్యూయర్ చెయ్యి పెట్టిన చోటు సరైనదే.

రుషికొండ_గాలి · సోమవారం, రాత్రి 10:40

సార్ చెప్పినదానికి కొనసాగింపు. రేడియోని పూర్తిగా ఆన్‌లో ఉంచితే ఆ రెండు బ్యాటరీలు ఐదున్నర రోజులకి ఖాళీ. నూటికి ఒక్క శాతం సమయమే మేల్కొని ఉంటే, మిగతా ఖర్చులు పక్కనపెడితే, ఏడాదిన్నర వస్తాయి. ఈ తేడా తెచ్చేది క్లస్టర్ హెడ్ ఎంపిక కాదు, నిద్ర. అందుకే రేడియోని నిద్రపుచ్చుతూ నడిపే పద్ధతులు, 2002లో ఎస్-మ్యాక్, 2004లో బి-మ్యాక్ వచ్చాయి. రౌటింగ్ మీద పనిచేసేవాళ్ళం ఆ పేపర్లు పక్కింటివాళ్ళవి అనుకుని దాటేస్తాం. నేనూ రెండేళ్ళు దాటేశాను.

గాజువాక_లెక్చరర్ · మంగళవారం, ఉదయం 6:50

లీచ్‌ని మాత్రం చులకన చెయ్యకండి. ప్రతి నోడూ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె తనంతట తానే ఎంచుకుంటుంది. అది హద్దుకన్నా తక్కువైతే ఈ రౌండుకి నేనే హెడ్ అని ప్రకటించుకుంటుంది. అయిదు శాతం అనుకుంటే ఇరవై రౌండ్లలో ప్రతి నోడుకీ ఒకసారి వంతొస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి బ్యాటరీ ఎంతుందో తెలియక్కర్లేదు. బరువు ఒకళ్ళ నెత్తినే పడకుండా వంతులేసుకోవడం అన్నమాట. హైంజెల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ ఎంఐటీలో ఆ పని చేసినప్పుడు అది చాలా కొత్త ఆలోచన. క్లాసులో చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

ఇరవై ఏళ్ళు దాటినా దాన్నొక్కదాన్నే కొలబద్దగా పెట్టుకోవడం దగ్గరే వస్తోంది చిక్కు. 2004లోనే హీడ్ వచ్చింది, మిగిలిన శక్తిని బట్టి హెడ్‌ని ఎంచేది. అదే ఏడాది అన్ని నోడ్ల శక్తీ ఒకేలా లేని చోట్లకి సెప్ వచ్చింది. కనీసం ఈ రెండూ పెట్టమ్మా. బయట నిజంగా నడుస్తున్న నెట్‌వర్క్‌లు ఎక్కువగా చెట్టు ఆకారంలో డేటా పోగుచేస్తాయి. 2009లో అలాంటి పద్ధతే ఐన సీటీపీ మీద పేపర్ వచ్చింది, 2012లో ఆ కోవదే ఆర్‌పీఎల్ ప్రమాణమైంది. "మీ పద్ధతి ఆర్‌పీఎల్ కన్నా ఎక్కడ మేలు?" అని వైవాలో ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న ఇంట్లోనే వేసుకుని వెళ్ళు.

తోడేలు_వెంట_నడిచినామె · మంగళవారం, ఉదయం 11:15

చెల్లీ, నాది నీ థీసిస్సే అనుకో. జంతువు కూడా అదే. నా అనుభవం కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

మూడో ఏడులో ఒక సీనియర్ అడిగారు: "నీ అల్గారిథమ్ ఎక్కడ నడుస్తుంది? నోడులోనా, బేస్ స్టేషన్‌లోనా?" నోరు పెగల్లేదు. నోడులో ఐతే టెలోస్‌బీకి ఉన్నది 10 కిలోబైట్ల ర్యామ్. ముప్ఫై తోడేళ్ళ గుంపు, ఒక్కో తోడేలుకి వంద నోడ్ల వెక్టర్, వాటిని వందలసార్లు తిప్పడం ఆ చిన్న ప్రాసెసర్ పని కాదు. బేస్ స్టేషన్‌లో ఐతే ప్రతి రౌండుకీ వంద నోడ్లూ తమ బ్యాటరీ ఎంతుందో అక్కడికి పంపాలి. ఆ సమాచారం పంపే ఖర్చు నా కోడ్‌లో ఎక్కడా లేదు! మ్యాట్‌ల్యాబ్‌లో శక్తి మొత్తం ఒక అరేలో ఉంటుంది కాబట్టి ఫంక్షన్ దాన్ని ఊరికే చదివేసుకుంటుంది. లీచ్‌కి ఆ సమాచారమే అక్కర్లేదు. అంటే నేను రెండు పద్ధతులనీ సమానంగా పోల్చనేలేదు. ఆ ఖర్చు కలిపి మళ్ళీ నడిపితే నా గ్రాఫ్ సగానికి పైగా కిందికి జారింది.

రెండోది ఇంకా బాధ. అదే ఫిట్‌నెస్ ఫంక్షన్ (ఎంపిక ఎంత మంచిదో మార్కులేసే సూత్రం) ఉంచి, తోడేళ్ళ బదులు గుడ్డిగా హెడ్‌ల సమూహాలు ఎంచి మంచిదాన్ని ఉంచుకునే కోడ్ పది లైన్లలో రాశాను. రెండింటికీ అన్నే మూల్యాంకనాలు. ముప్ఫైసార్లు వేరువేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక అంకెల మొదళ్ళతో) నడిపి, తేడా నిజమా కాకతాళీయమా అని చూసే విల్కాక్సన్ పరీక్ష పెట్టాను. తేడా దాదాపు మాయమైంది. మేలు చేసింది ఫిట్‌నెస్ ఫంక్షన్, జంతువు కాదు. ఆ రోజు ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. తర్వాత అదే నా థీసిస్‌లో నాలుగో అధ్యాయమైంది. వైవాలో ఎక్కువ ప్రశ్నలూ, ఎక్కువ గౌరవమూ ఆ అధ్యాయానికే.

కాబట్టి వేల్ పెట్టే ముందు ఆ పది లైన్లు రాసి చూడు. ఏది తేలినా దాచుకోకు.

కొండమీది_డబ్బా · మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను ఎంటెక్‌లో ఎనిమిది నోడ్లు మా కాలేజీ వెనక కొండవాలు మీద పెట్టాను, నేలలో తేమ కొలవడానికి. మనూరి గాలి ఎలాంటిదో తెలుసు గదా అక్కా. మూడో నెలలో రెండు నోడ్లు మాటాడ్డం మానేసాయి. వెళ్ళి చూస్తే యాంటెన్నా మర దగ్గర పచ్చగా చిలుము పట్టీసింది. ఉప్పుగాలి. ఇంకో డబ్బా మూత తీస్తే లోపల చీమలు గూడెట్టీసాయి, బోర్డు మీదంతా మట్టి. ప్రాణమున్న నోడే, సెన్సర్ వైరు మటుకు కొరికీసాయి. అప్పట్నుంచి మూతకి రబ్బరు వాషరు, లోపల సిలికాజెల్ పొట్లం, కనెక్టర్ మీద టేపు లేకుండా నేను దేన్నీ బయట పెట్టట్లేదు.

అన్నిటికన్నా నేర్పింది లింకులు. మూడో నోడ్ నుంచి అయిదుకి నూటికి తొంభై ప్యాకెట్లు వెళ్ళేవి, అయిదు నుంచి మూడుకి సగం కూడా వచ్చేవి కావు. సిమ్యులేషన్‌లో రేడియో అంటే గుండ్రని గీత. గీత లోపలుంటే వినబడుతుంది, బయటుంటే వినబడదు. కొండమీద అలాంటి గీత ఏదీ లేదు. వానలు పడి తుప్పలు గుబురెక్కాక జూన్‌లో ఉన్న దారి ఆగస్టులో లేదు. మా ప్రోటోకాల్ అవతలివాడి మాట నాకు వినబడుతోంది కాబట్టి నా మాటా వాడికి వినబడుతుందని అనుకునేది. జవాబు వచ్చిన ప్యాకెట్లని లెక్కపెట్టి లింకు నాణ్యత కట్టడం మొదలెట్టాకే గాడిన పడింది.

పాత_రేడియో · మంగళవారం, మధ్యాహ్నం 3:10

తమ్ముడు చెప్పినట్టే 2002లో అమెరికాలోని గ్రేట్ డక్ ఐలాండ్‌లో కూడా జరిగింది. స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షుల బొరియల్లో 32 నోడ్లు పెట్టారు. తేమకీ, ఉప్పుకీ సెన్సర్లు పాడవడం, నోడ్లు మూగబోవడం అన్నీ ఆ పేపర్లలో దాపరికం లేకుండా రాశారు. అందుకే ఇన్నేళ్ళయినా అవి చదువుతున్నాం.

ఇంకోటి: నీ కోడ్‌లో "రౌండు" అనేది ఫర్ లూప్‌లో ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. బయట వంద నోడ్లకీ రౌండు మొదలైందని ఒకేసారి తెలియాలి. 40 పీపీఎం (పదిలక్షలకి నలభై) తేడా ఉన్న గడియారపు క్రిస్టల్ రోజుకి మూడున్నర సెకన్లు తప్పుతుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి నడిస్తే ఏడు సెకన్లు. సమయం కలపడానికే ఎఫ్‌టీఎస్‌పీ లాంటివి కావాల్సొచ్చింది. ఆ ఖర్చూ నీ లెక్కలోకి రావాలి.

అలల_అడుగున · మంగళవారం, రాత్రి 8:45

నేను నీటి అడుగు నెట్‌వర్క్‌ల మీద పనిచేస్తాను. డాల్ఫిన్స్ నోస్ రోజూ కనబడే ఊళ్ళో ఉండి సముద్రం గురించి ఎవరూ మాట్లాడకపోతే ఎలా అని రాస్తున్నా.

ఉప్పునీటిలో మీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పనికిరాదు, ధ్వనితోనే మాట్లాడాలి. ధ్వని నీటిలో సెకనుకి దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. గాలిలో రేడియోకన్నా రెండు లక్షల రెట్లు నెమ్మది. కిలోమీటరున్నర దూరంలో ఉన్న నోడుకి "పంపనా?" అని అడగడానికి ఒక సెకను, "పంపు" అనడానికి ఒక సెకను, డేటాకి ఒకటి, అందిందనడానికి ఇంకొకటి. నేలమీద మనం అలవాటుగా వాడే పద్ధతులు అక్కడ నిలవవు. పైగా నోడ్లు ప్రవాహంతో కదిలిపోతాయి. 2008లో వచ్చిన డెప్త్ బేస్డ్ రౌటింగ్ నాకు ఇష్టం. నోడుకి తన లోతు తెలిస్తే చాలు, అది పీడన సెన్సర్ చెప్పేస్తుంది. తనకి పంపినవాడికన్నా పైన ఉన్నవాడు అందుకుని ఇంకా పైకి తోస్తాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించని అల్గారిథమ్ అది. మీ క్లస్టర్ హెడ్ పద్ధతికి ఏమేం తెలిసుండాలో ఒక కాగితం మీద రాసుకోండి. అందులో నిజంగా నోడుకి తెలిసేవెన్నో గుర్తుపెట్టండి. నాకైతే ఆ కాగితం ఆరు నెలలు మిగిల్చింది.

మద్దిలపాలెం_స్కాలర్ · మంగళవారం, రాత్రి 11:30

ఇంతమంది ఇంత సమయం పెట్టి రాస్తారనుకోలేదు. చాలా థ్యాంక్స్ అండీ. ఆ కాగితం రాశాను. నా పద్ధతికి పదకొండు విషయాలు తెలియాలి, నోడుకి తనంతట తెలిసేవి మూడు.

నాకు హార్డ్‌వేర్ అసలు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? నోడ్లు కొనడానికి మా డిపార్ట్‌మెంట్‌లో డబ్బు అడిగే పరిస్థితి లేదు.

కొండమీది_డబ్బా · బుధవారం, ఉదయం 7:05

అక్కా, ముందు కాంటికి-ఎన్‌జీ (ఇలాంటి నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్) దింపుకొని కూజా సిమ్యులేటర్‌లో చెయ్యండి. మ్యాట్‌ల్యాబ్‌లా కాదు, నోడులో నడిచే కోడే అందులోనూ నడుస్తుంది. ఎనర్జెస్ట్ అని ఉంటుంది, రేడియో వింటూ ఎంతసేపుంది, పంపుతూ ఎంతసేపుంది, ప్రాసెసర్ ఎంతసేపు మేల్కొంది అంతా లెక్క చెప్తుంది. ఆ అంకెల్ని డేటాషీట్ కరెంటుతో గుణించీండి, రివ్యూయర్ రెండో మాటకి జవాబొచ్చీసినట్టే. రేడియో ఒక్కసారి పంపగలిగే 127 బైట్ల ఫ్రేమ్‌లో మీ 4000 బిట్లు, అంటే 500 బైట్లు, పట్టవు, ముక్కలు చెయ్యాలి. అది మటుకు మర్చిపోకండి.

నోడ్లు నా దగ్గర ఆరున్నాయి, ఊరికే మూలనున్నాయి. ఆదివారం పొద్దున్న ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గరకొస్తే ఇచ్చీస్తాను. ఒకదానికి బ్యాటరీ క్లిప్పు వదులైంది, రబ్బరు బ్యాండేసి వాడుకోండి. ఛానెల్ 26 పెట్టండి, వైఫై తాకిడి తక్కువ.

మద్దిలపాలెం_స్కాలర్ · మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:15

తమ్ముడి నోడ్లు తెచ్చుకుని అయిదింటిని మా హాస్టల్ డాబా మీద పెట్టాను. ఒకటి మెట్ల గది మీద, రెండు పిట్టగోడకి, రెండు నీళ్ళ ట్యాంకుకి అటొకటి ఇటొకటి. పెద్ద కోడ్ ఏమీ లేదు, ప్రతి పది సెకన్లకీ ఒకదాన్నొకటి పలకరించుకోవడమే.

మొదటి వారం లాగ్ గీస్తే ట్యాంకుకి అటూ ఇటూ ఉన్న లింకు ప్రతిరోజూ పొద్దున్న ఆరు దాటగానే పడిపోతోంది. తొమ్మిదిన్నర, పదికల్లా మెల్లగా లేస్తోంది. మళ్ళీ సాయంత్రం అలాగే. కోడ్ తప్పేమోనని రెండు రోజులు వెతికాను. మూడో రోజు పొద్దున్నే పైకెళ్ళి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మోటారు చప్పుడు వినబడింది. ట్యాంకు నిండుతున్న కొద్దీ తెరమీద సిగ్నల్ బలం అంకె దిగుతోంది. నీళ్ళు పొర్లేసరికి ప్యాకెట్లు ఆగిపోయాయి. అమ్మాయిలు స్నానాలు చేసి కాలేజీలకి వెళ్ళాక ట్యాంకు సగమైంది, లింకు తిరిగొచ్చింది. అక్కడే నిలబడి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూశాను. నీటి మట్టం వరకూ చల్లగా ఉంది.

గ్రే వుల్ఫ్ వెర్షన్ కూడా పక్కన పెట్టలేదు. అక్క చెప్పిన పది లైన్లు రాశాను, నాకూ తేడా చాలా తగ్గింది. ఆ రెండు గ్రాఫులూ, ఈ ట్యాంకు గ్రాఫూ కలిపి గైడ్ గారి ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "ఈ లింకు పోతుందని ముందే కనిపెట్టి హెడ్‌ని మార్చగలవా?" అని అడిగారు. రోజూ ఒకే వేళకి పోయే లింకుని నోడ్ తన లాగ్ నుంచి నేర్చుకునేలా ఇప్పుడు రాస్తున్నాను. రెండు రోజుల చరిత్రకి నోడుకో 600 బైట్లు సరిపోయేలా ఉంది. ఇలాంటిది ఎవరైనా ఇంతకుముందు చేసుంటే దయచేసి చెప్పండి. తమ్ముడూ, నోడ్లు ఇంకో నెల ఉంచుకోవచ్చా?

కొండమీది_డబ్బా · శనివారం సాయంత్రం 6:40

ఉంచుకోండక్కా. వర్షాలు మొదలవుతున్నాయి, మూతలకి వాషర్లు వేసారా?