వాయుసేన కుర్రాళ్లకి విమానం నడపడం నేర్పే కిరణ్ జెట్ ట్రైనర్ మీద నేర్చుకున్నవాళ్లు, పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పల్నాడు_పిల్లోడు: మా ఊరి దగ్గర కాలేజీ గేటు పక్కన పాత కిరణ్‌ను దిమ్మె మీద నిలబెట్టారు. ఫొటోల్లో చూస్తే సీట్లు పక్కపక్కనే ఉన్నాయి, ఎందుకలా? కొత్త కుర్రాళ్లు నేరుగా జెట్ మీదే మొదలుపెట్టేవారా? మా తమ్ముడికి కాక్‌పిట్ చూపించాలంటే ఎక్కడికెళ్లాలి?

హకీంపేట_పాతకాపు: ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నన్నడుగు. హెచ్‌ఏఎల్ డిజైనర్ ఘాటగే గారి డిజైన్, 1964 సెప్టెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. పక్కపక్క సీట్లు ఎందుకంటే కుర్రాడి చెయ్యి థ్రాటిల్ మీదికి ఎప్పుడు పోయింది, కళ్లు మీటర్ల మీదున్నాయా బయటున్నాయా అన్నీ ఇన్‌స్ట్రక్టర్‌కి తెలియాలి. వెనక సీట్లో కూర్చుంటే ముందువాడి హెల్మెట్ తప్ప ఏం కనపడుద్ది?

ఒంటరి_గద్ద: కింద నిలబడి చెప్పే మాటలివి. ఎడమ సీట్లో కూర్చుని రన్‌వే మధ్య గీత మీద దించడం అలవాటు చేసుకున్నాక ఫైటర్‌లోకి వెళ్తే కన్ను మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి. పైగా మోచేతి పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆయన మొహం చూసి ఎగరేస్తాం, విమానాన్ని చూసి కాదు. అంత గొప్పదైతే తర్వాతి ట్రైనర్లు పిలాటస్, హాక్ రెండూ ముందూ వెనకా సీట్లతో ఎందుకు కొన్నారు? 1951 నాటి హెచ్‌టీ-2 ట్రైనర్ కూడా అంతే కదా.

హకీంపేట_పాతకాపు: మీరు ఎగరేశారు సరే, మీరు దిగాక టైర్లు మార్చింది మేం. ఎవరెవరు ఎలా దించారో లాగ్‌బుక్ కంటే మా నడుముకి బాగా తెలుసు.

దుండిగల్_మామ: సీట్ల గొడవ మీరు తేల్చుకోండి. ఇక్కడ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది కదా, డాబా మీద వడియాలు పెట్టే టైమ్‌కి వచ్చేది కిరణ్‌ల ఈల లాంటి మోత, పిలాటస్ వచ్చాక అదీ పోయింది. ఈ మోత వల్లే మా స్థలం రేటు పెరగలేదని మా బావమరిది ఇప్పటికీ నన్నే తిడతాడు.

మధు_వైజాగ్: దీపక్ ఊసే ఎత్తరేం? పిల్లలకి అసలు మొదటి మెట్టు హెచ్‌పీటీ-32, అంటే దీపక్. పిస్టన్ ఇంజిన్. అది గాల్లో ఆగిపోతే ఎజెక్షన్ సీటు కూడా లేదు, పారాచ్యూట్ కట్టుకుని దూకాల్సిందే. 2009 జులైలో మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పోయాకే వాటిని ఆపేశారు. అప్పట్నుంచి, 2013లో పిలాటస్ వచ్చేదాకా, కుర్రాళ్లు నేరుగా కిరణ్ ఎక్కారు. ఉన్న కిరణ్‌లన్నీ శిక్షణకే కావాల్సొచ్చి గాల్లో విన్యాసాలు చేసే బీదర్ సూర్యకిరణ్ టీమ్‌ని 2011లో పక్కన పెట్టారు. ఒకటి ఆగితే ఇన్ని ఆగాయి.

బోయిన్‌పల్లి_శీను: సూర్యకిరణ్ అంటే మా ఏరియాలో ఇంటి మీద పడ్డదేగా?

మధు_వైజాగ్: అది సూర్యకిరణ్ కాదు!! నేవీ వాళ్ల విన్యాసాల టీమ్ సాగర్ పవన్, వాళ్లవీ కిరణ్‌లే. 2010 మార్చి 3, బేగంపేట ఏవియేషన్ షో. ఇద్దరు పైలట్లు చనిపోయారు, కనీసం టీమ్ పేరైనా సరిగ్గా రాయి.

బోయిన్‌పల్లి_శీను: ఆ రోజు ఆ సందులో ఉన్నవాళ్లం మేం. పొగలో టీమ్ పేరు చదివే టైమ్ ఎవరికుంది బాబూ.

ఒంటరి_గద్ద: అసలు విషయానికొస్తే, కిరణ్ స్పిన్‌లో, అంటే పట్టు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడేటప్పుడు, చాలా మంచిది, చెప్పినట్టు పడుద్ది, చెప్పినట్టు లేస్తుంది. దాని స్థానంలో రావాల్సిన కొత్త జెట్ ట్రైనర్ సితార 2003లోనే ఎగిరినా ఆ స్పిన్ దగ్గరే ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. ఇది మాత్రం ఫిట్టర్ గారూ ఒప్పుకుంటారు.

హకీంపేట_పాతకాపు: ఒప్పుకుంటా. సీట్ల సంగతి మాత్రం ఒప్పుకోను.

పల్నాడు_పిల్లోడు: అన్నలూ, కాక్‌పిట్ ఎక్కడ చూపిస్తారు?

మధు_వైజాగ్: వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే నేవీ పాత నిఘా విమానం మ్యూజియంగా ఉంది, లోపలికి ఎక్కొచ్చు.

పల్నాడు_పిల్లోడు: అది ట్రైనర్ కాదు కదన్నా.

దుండిగల్_మామ: తమ్ముణ్ణి మా డాబా మీదికి తీసుకురా, పిలాటస్‌లు చూడొచ్చు. స్థలం కూడా చూపిస్తా.